కొట్టెయ్యని నంబరు

తాళం తెరిచే ముక్కకు తెలుగువాడు చెవి అని పేరు పెట్టాడు. కన్నడిగుడు దాన్నే చెయ్యి అన్నాడు, బీగద కై. తమిళులు ఓడల్లో వచ్చిన పరంగివాళ్ళ దగ్గర మాట ఎరువు తీసుకుని సావి అన్నారు. ఈ మూడు భాషలూ ఒకే కొళాయి దగ్గర బిందెలు పెట్టుకునే, కోలారు బంగారు గనుల పక్కనున్న ఆండర్సన్‌పేటలో రామాంజినప్ప తన అంగడికి బోర్డు రాయించబోతే చిక్కొచ్చింది. చెవి అని రాయిస్తే చెవుల డాక్టరనుకుంటారని పెయింటరు అన్నాడు. సావి అని రాయిస్తే తెలుగువాళ్ళు సావు అని చదువుతారని, ఆ అంగడి పెట్టేది రామాంజినప్ప కాబట్టి అట్ల చదివినా తప్పు కాదని పక్క టీ అంగడి సొన్నప్ప అన్నాడు. చివరికి అక్షరాలే లేకుండా పెద్ద తాళపుచెవి బొమ్మ ఒకటి వేయించారు. పెయింటరు దానికి పళ్ళు ఎక్కువ పెట్టాడు. దూరం నుంచి చూస్తే దువ్వెన. ఇప్పటికీ నెలకొకరైనా వచ్చి, కుర్చీ కోసం చుట్టూ చూసి, కటింగు ఉందా అని అడుగుతుంటారు.

సొన్నప్ప ఆ మాట అనడానికి కారణం ఉంది. అది చెప్పాలంటే గనులు నడిచిన రోజుల్లోకి పోవాలి. ఆ ఊళ్ళో ఏ సంగతి చెప్పాలన్నా ముందు అక్కడికి పోయి రావలసిందే.

రామాంజినప్ప తండ్రి పుంగనూరు దగ్గర పల్లె నుంచి బంగారం తవ్వడానికి వచ్చినవాడు. తవ్వినవాళ్ళందరికీ దక్కినదే ఆయనకూ దక్కింది, దగ్గు. కొడుకును మాత్రం భూమి కిందికి దిగనివ్వనని పట్టుబట్టి, ఎవరెవరి కాళ్ళో పట్టుకుని, లాంపు రూములో వేయించాడు. లాంపు రూము, గనిలోకి దిగే షాఫ్టు నోటి దగ్గర ఉంటుంది. దిగే ప్రతి మనిషికీ ఒక నంబరు, ఆ నంబరు గుద్దిన ఒక ఇత్తడి బిళ్ళ. మనిషి తన బిళ్ళను కిటికీలో ఇచ్చి నెత్తికి పెట్టుకునే లైటు తీసుకుంటాడు. బిళ్ళ మేకుకు వేలాడుతుంది. పైకొచ్చాక లైటు ఇచ్చేసి బిళ్ళ తీసుకుపోతాడు. మేకుకు బిళ్ళ ఉందంటే మనిషి కింద ఉన్నాడని. లేదంటే ఇంట్లోనో సారాయి అంగట్లోనో క్షేమంగా ఉన్నాడని. వేలమంది ప్రాణాలకు కాపలా కాయడానికి ఇంతకన్నా తేలికైన పద్ధతిని ఏ రాజూ ఏ మంత్రీ కనిపెట్టలేదు. రామాంజినప్ప ఇరవై రెండేళ్ళు ఆ కిటికీ వెనక నిలబడ్డాడు. మనుషుల ముఖాలు ఆయనకు సరిగా తెలియవు. చేతులు తెలుసు.

తొంభైమూడులో ఒక సాయంత్రం కింద రాయి పేలింది. చిన్న పేలుడే. ఒక సొరంగం మూసుకుపోయింది. రావలసినవాళ్ళందరూ పైకి వచ్చారనుకున్నారు. మేకులన్నిటి మీదా ఒక్క బిళ్ళ మిగిలింది, మూడు వందల పదిహేడు. అది సొన్నప్పది. మూడు రోజులు రాళ్ళు తీశారు. మూడోరోజు షిఫ్టు కెప్టెను కిటికీ దగ్గరికొచ్చి రిజిస్టరు తిరగేసి, "ఆర్ యూ ష్యూర్, రామాంజినప్పా?" అని అడిగాడు. బిళ్ళ కళ్ళెదురుగా వేలాడుతోంది. "ష్యూర్ సార్" అన్నాడు రామాంజినప్ప. ఎర్రసిరాతో నంబరు కొట్టేశాడు.

నిజానికి సొన్నప్ప ఆ రోజు పెళ్ళాంతో తగాదా పడి దిగాడు. ఇంటికి రావద్దని ఆమె అంది. ఆయన ఆమె మాట జవదాటని మనిషి. భూమి లోపల దారులన్నీ కలిసే ఉంటాయి కాబట్టి, బస్సుకు దగ్గరవుతుందని పక్క షాఫ్టులోంచి పైకి తేలి, నెత్తిన లైటుతోనే మదనపల్లె బస్సెక్కి మేనమామ ఊరికి పోయాడు. లైటు ఆరిపోయేదాకా ఆ వెలుగులో వేరుశనగ చేనికి నీళ్ళు కట్టాడు. ఆరిపోయాక దాన్ని తలకింద పెట్టుకుని పడుకున్నాడు. కోపం తీరి పదకొండోరోజు తిరిగొస్తే ఇంటిముందు షామియానా ఉంది. ఎవరి పిల్లకో చెవులు కుట్టిస్తున్నారనుకుని వరుసలో కూర్చుని ఆకు వేయించుకున్నాడు. వడ్డిస్తున్న బామ్మర్ది సాంబారు బకెట్టు కిందికి వదిలేశాడు. పెళ్ళాం వచ్చి చూసి, గరిటెతో రెండు దెబ్బలు వేసి, తర్వాత ఏడ్చింది. సొన్నప్ప భోజనం పూర్తి చేశాడు. పాయసం బాగుండిందని ఇప్పటికీ చెబుతాడు.

అసలు చిక్కు ఆఫీసులో వచ్చింది. నంబరు కొట్టెయ్యడానికి ఫారం ఉంది, కొట్టేసినదాన్ని మళ్ళీ రాయడానికి ఫారం లేదు. కొత్తగా చేరినవాడి కింద కొత్త నంబరు ఇచ్చారు. పాత సర్వీసు పదహారేళ్ళూ మూడు వందల పదిహేడుతో పాటే కాలం చేసింది. "పాత సొన్నప్ప సచ్చిపోయినాడప్పా, నేను వానికి తమ్ముని మాదిరి" అని అడిగినవాళ్ళకల్లా సొన్నప్పే చెబుతాడు. ఎర్రపెన్ను పట్టినవాడు ఎవరో కూడా చెబుతాడు.

రామాంజినప్ప ఆ తర్వాత ఎర్రపెన్ను ముట్టలేదు. రెండువేల ఒకటిలో గనులు మూసినప్పుడు రిజిస్టరులో ఉన్న నంబర్లన్నీ కొట్టెయ్యమన్నారు. పెన్ను రాయడం లేదు సార్ అన్నాడు. ఇంకో పెన్ను ఇచ్చారు. అదీ రాయడం లేదన్నాడు. వేరేవాళ్ళు కొట్టుకున్నారు. ఆయన మూడు వందల పదిహేడు బిళ్ళను జేబులో వేసుకుని ఇంటికొచ్చాడు. ఆ నంబరు మనిషి లేడు కాబట్టి బిళ్ళను ఎవరికివ్వాలో ఆయనకు తెలియలేదు. అంగడి పెట్టాక గోడకు మేకు కొట్టి దాన్ని అక్కడ వేలాడదీశాడు.

మొదట్లో బీరువాలు, గేట్లు, ట్రంకు పెట్టెలు. గనులు మూశాక ఊళ్ళో దాచుకోవడానికి ఏమీ మిగలలేదు గాని తాళాలు మాత్రం పెరిగాయి. ఇదెందుకో పెద్దపెద్ద చదువులు చదివినవాళ్ళు చెప్పాలి. తర్వాత కార్లు వచ్చాయి, వాటి వెంట కొత్తరకం కీలు వచ్చాయి. ఇనుప ముక్కకు పళ్ళు కోస్తే చాలదు. కీ తలకాయలో బియ్యపు గింజంత చిప్పు ఉంటుంది. కీ తిప్పగానే కారు నువ్వెవరని అడుగుతుంది, చిప్పు తన నంబరు చెబుతుంది. ఆ నంబరు కారు లోపలి పట్టీలో ఉంటే ఇంజను ఆడుతుంది. లేకపోతే ఒకసారి గుర్రుమని ఊరుకుంటుంది. తాళం ముక్కకు చెవి అని పేరు పెట్టిన తెలుగువాడు ఎన్ని వందల ఏళ్ళు ముందు ఆలోచించాడో చూడండి. ఇప్పుడు నిజంగానే అది వినే వస్తువైంది.

ఈ పని నేర్చుకోవడానికి రామాంజినప్ప యాభై ఏడో ఏట మారికుప్పంలో తెల్లారి రైలెక్కి బెంగళూరు పోయి వచ్చేవాడు. కుర్రవాళ్ళు పదిహేను రోజులు తలబాదుకున్నది ఆయనకు అరగంటలో అర్థమైంది. "ఏముండాదప్పా ఇందులో? కారు లోపల ఒగ లాంపు రూము పెట్టినారు" అన్నాడు. నేర్పేవాడికి లాంపు రూమంటే ఏమిటో తెలియక సరేనన్నాడు. చేతిలో పట్టుకునే మిషను ఒకటి కొనుక్కున్నాడు. దాని వైరును స్టీరింగు కింద గుచ్చితే తెరమీద కారు పట్టీ కనబడుతుంది. కొత్త కీని పట్టీలో చేర్చవచ్చు. లేదా ఉన్నవన్నీ కొట్టేసి, చేతిలో ఉన్న కీలను మాత్రం ఒక్కొక్కటిగా మళ్ళీ ఎక్కించవచ్చు. చేతిలో లేనిది ఇక ఎప్పటికీ ఎక్కదు.

కొట్టెయ్యడం అనే మాటకు తెలుగులో రెండర్థాలున్నాయి. లేకుండా చెయ్యడం ఒకటి, దొంగిలించడం ఒకటి. రామాంజినప్ప దృష్టిలో రెంటికీ పెద్ద తేడా లేదు. పైగా ఆ కొట్టేసే మీట నొక్కినప్పుడు మిషను ఒక ప్రశ్న వేస్తుంది. ఆర్ యూ ష్యూర్ అని. ఆ మిషను కొన్నప్పటి నుంచి ఆయన ఒక్కసారి కూడా ఆ ప్రశ్నకు జవాబు చెప్పలేదు. కీలు బావుల్లో పడ్డవాళ్ళు, జాతరలో పోగొట్టుకున్నవాళ్ళు ఎందరో వచ్చారు. అందరికీ కొత్తది చేర్చి పంపించాడు. పాతది పట్టీలో ఉంటే ఉండనీ, అన్నం అడుగుతుందా అనేవాడు.

రెండువేల పద్దెనిమిది జూన్‌లో, ఒక శనివారం మధ్యాహ్నం సెలీనా తన బండి తెచ్చి అంగడి ముందు ఆపింది. ఏడు సీట్ల తెల్లబండి, సెకండ్‌హ్యాండ్‌ది. పదేళ్ళు నర్సరీ బళ్ళో పాఠాలు చెప్పి, ఆ బడి మూతపడ్డాక డ్రైవింగు నేర్చుకున్న మనిషి ఆమె. కోలారు స్కూళ్ళకు పోయే ఐదుగురు టీచర్లను రోజూ పొద్దున తీసుకుపోయి సాయంత్రం తెస్తుంది. బండి కొన్నప్పుడు ఆమె గాజులు పెట్టింది, తమ్ముడు డెన్నిస్ మాటలు పెట్టాడు. అందుకని చెరొక కీ తీసుకున్నారు.

"అన్నా, ఒగ కొత్త కీ చెయ్యాల. ఇంగొకటి, ఒగ కీని కొట్టెయ్యాల" అంది.

రామాంజినప్ప చేతిలో ఆకురాయి ఆగింది. "కొట్టెయ్యాలంటే? కీ పోయిందామ్మా?"

"కీ పోలేదు. కీ పెట్టుకున్నోడు పోయినాడు."

సొన్నప్ప టీ వడకడుతూ పక్కనుంచి తల పెట్టాడు. "ఎవురమ్మా పోయింది? పదకొండో దినం ఎప్పుడు?"

"మా డెన్నిస్. పోయిందంటే శ్రీనివాసపురం పోయినాడు లేన్నా, మామిడికాయ మండీకి. స్కూళ్ళు తెరిచిన మొదటి వారమే బండి ఎత్తుకోని పోయి మూడు దినాలు కాయలు తోలినాడు. నేను లేచి చూస్తే వాకిట్లో బండి లేదు. టీచరమ్మలు ఫైవ్ లైట్స్ సర్కిలు కాడ నిలబడి నిలబడి బస్సుకి పోయినారు. తిరిగొచ్చినాక అడిగితే, నా బండి కూడా గదక్కా అన్నాడు. మళ్ళా పోయినాడు. ఈ తూరి బండి ఇడిసిపెట్టినాడు, కీ మాత్రం జేబులో ఉండాది. ఎప్పుడొస్తాడో తెలీదు."

"వస్తే మాట్లాడి..."

"ఏం మాట్లాడేదన్నా? ఇంగొక్క పొద్దు బండి రాకపోతే వేరే బండి చూసుకుంటామని టీచరమ్మలు చెప్పేసినారు. ఆ ఐదుమందీ పోతే నాకు ఏముండాది? ఈ బండిని ఇంట్లో పెట్టుకోని పూజ చెయ్యాలనా? వాని నంబరు కొట్టేసెయ్యి. వాడొచ్చి తిప్పితే గుర్రు అనాల, అంతే."

"కొట్టేసేదంటే ఈయప్పకు అలవాటేలేమ్మా" అన్నాడు సొన్నప్ప. "నా మాదిరోణ్ణే కొట్టేసినాడు. నీ తమ్ముడెంత?"

రామాంజినప్ప కొత్త కీకి పళ్ళు కోశాడు, రజను ఊదాడు, బండిలో స్టీరింగు ముందు కూర్చున్నాడు. సెలీనా పక్క సీట్లో కూర్చుంది. మిషను వైరు గుచ్చగానే ఓపికతో వేచి ఉండమని ఇంగ్లీషులో చెప్పింది. అది చాలా మర్యాద తెలిసిన మిషను. రెండు నిమిషాలకు పట్టీ వచ్చింది. కీస్, టు. ఆయన వేలు కొట్టేసే మీట మీదికి పోయింది. నొక్కాడు.

ఆర్ యూ ష్యూర్?

కింద రెండు పెట్టెలు. ష్యూర్ ఒకటి, బ్యాక్ ఒకటి.  డెన్నిస్ చెయ్యి ఆయనకు తెలుసు. ఒకసారి సైకిలు తాళం తెచ్చాడు. బొటనవేలి మీద కాలిన మచ్చ ఉంది. శ్రీనివాసపురంలో మామిడిపండ్ల బుట్టల మధ్య ఎక్కడో నిలబడి ఉంటాడు, తన నంబరు కొట్టేస్తున్నారని తెలియకుండా. వేరుశనగ చేలో నీళ్ళు కడుతున్నవాడికి కూడా తెలియలేదు కదా. వేలు బ్యాక్ మీద పడింది. తర్వాత చేర్చే మీట నొక్కాడు. కొత్త కీ పెట్టి తిప్పాడు. డాష్‌బోర్డు మీద ఎర్ర దీపం టపటప కొట్టుకుని ఆరింది. ఇంజను ఆడింది.

"అయిపోయిందమ్మా" అన్నాడు.

ఏది అయిపోయిందో ఆమె అడగలేదు, ఆయన చెప్పలేదు. ఆమె ఒక క్షణం ఆయన చేతుల వైపు చూసి, కిటికీలోంచి సొన్నప్ప ఇచ్చిన టీ తీసుకుంది. ఆమె పాత కీ బటన్లు అరిగిపోయి ఉన్నాయి. రబ్బరు బెంగళూరు నుంచి రావాలి, ఇక్కడే వదిలిపెట్టమని రామాంజినప్ప అన్నాడు. కొత్త కీ తీసుకుని ఆమె వెళ్ళిపోయింది.

సోమవారం సాయంత్రం మళ్ళీ వచ్చింది. నాలుగు మూరల గొలుసు, మంచి తాళం ఒకటి కావాలంది.

"దేనికమ్మా?"

"గేటుకన్నా."

"ఎన్నడూ లేంది ఇప్పుడేల?" అన్నాడు సొన్నప్ప.

"కుక్కలు వస్తాండాయి."

"కుక్కలు గొళ్ళెం తీస్తాయామ్మా?"

"కొన్ని కుక్కలకి కీ కూడా ఉంటాదన్నా" అంది సెలీనా.

రామాంజినప్ప ఆ మాట ఆలోచించవలసింది. గొలుసు కొలుస్తూ మూరల లెక్క తప్పి మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టాడు.

ఆ రోజు నుంచి ఆయనకు కొత్త అలవాటు పట్టుకుంది. పొద్దున ఆరున్నరకే వచ్చి సొన్నప్ప బల్లమీద కూర్చుంటాడు. ఆరూ నలభైకి తెల్లబండి రోడ్డు మీద పోతుంది, ఫైవ్ లైట్స్ వైపు. అది కనబడ్డాక టీ అడుగుతాడు. కనబడేదాకా అడగడు. రెండు వారాలు ఇట్ల గడిచాయి.

"యాలప్పా, ఆ బండి పోతే గానీ నీకు టీ దిగదా?" అన్నాడు సొన్నప్ప ఒకరోజు. గ్లాసు కడగడం ఆపి తేరిపార చూశాడు. "ఓహో. కొట్టెయ్యలేదు నువ్వు."

రామాంజినప్ప రోడ్డు చూస్తున్నాడు.

"కొట్టెయ్యలేదు గదా! ఆ పిల్లోడొచ్చి బండి ఎత్తుకోని పోతే ఆయమ్మ బతుకు ఏం కావాల? బతికుండే నన్ను కొట్టేస్తివి. కొట్టెయ్యమన్నోణ్ణి ఇడిసిపెడితివి. ఏం మనిషివప్పా నువ్వు?"

"వాడు యాడుండాడో నాకు తెలీదు గదా."

"శ్రీనివాసపురంలో ఉండాడని ఆయమ్మే చెప్పింది గదా!"

"నువ్వు రాళ్ళ కింద ఉండావని కూడా చెప్పినారు."

సొన్నప్ప చక్కెర ఎక్కువ వేసి టీ ఇచ్చాడు.

సెలీనాతో నిజం చెప్పాలని రామాంజినప్ప అనుకున్నాడు. రేపు చెబుదామనుకున్నాడు. ఇట్లాంటి రేపులకు క్యాలెండరులో గడి ఉండదు. ఈలోగా సొన్నప్ప తనకు తోచిన సాయం తాను చేశాడు. టీ తాగడానికి వచ్చిన ప్రతి డ్రైవరుకూ, శ్రీనివాసపురం పోయే ప్రతి లారీవాడికీ, డెన్నిస్ కీ సచ్చిపోయిందప్పా, ఇంగ అది పళ్ళ సందులు కుట్టుకునేదానికి కూడా పనికిరాదు అని చెప్పి పంపించాడు.

జూలై మొదటివారం, శుక్రవారం. ఆరూ నలభై అయింది. బండి రాలేదు. ఆరూ నలభై ఐదు. రామాంజినప్ప లేచాడు.   రామాంజినప్ప నాలుగు సన్న ఇనుపచువ్వలున్న తన చిన్న సంచి భుజాన వేసుకుని, చెప్పులు వేసుకోవడం మరిచి, సెలీనా ఇంటి సందులోకి నడిచాడు. అరవై ఒక్క ఏళ్ళవాడు పరుగెత్తితే జనం అడుగుతారని నడిచాడు గాని, అది నడక కాదు.

గేటు లోపల తెల్లబండి ఉంది. ఆయన నిలబడి ఊపిరి తీసుకున్నాడు. తర్వాత మిగతావన్నీ చూశాడు. గేటుకు తాను కొలిచి ఇచ్చిన నాలుగు మూరల గొలుసు, తాళం. గేటు బయట గట్టుమీద డెన్నిస్, పక్కన ఒక మామిడికాయల పెట్టె. గేటు లోపల సెలీనా, చీర కుచ్చిళ్ళు ఎగదోపుకుని, చేతిలో సుత్తి.

"అన్నా, దేవుడు పంపినట్ల వచ్చినావు. తాళంచెవి లేదు."

"యాడ పోయింది?"

"చర్చిలో ఉండాది. నిన్న సాయంత్రం పాటల ప్రాక్టీసుకి పోయినాను. పుస్తకం జిప్పు కవర్లో రెండు కీలూ పెట్టి, పుస్తకం అక్కడే బెంచీమీద ఇడిసిపెట్టి వచ్చినాను. పొద్దున వెనక తలుపు నుంచి పోయి చూస్తే చర్చికి బీగం. బీగం తీసే ఆయప్ప ఐదున్నర రైలుకి బెంగళూరు పోయినాడంట. నేను ఈడ నా బండికి నేనే కాపలా."

"రెండు కీలా?"

"గేటుదొకటి, బండిదొకటి."

బండి రెండో కీ, బటన్లు అరిగినది, రామాంజినప్ప అంగట్లో డబ్బాలో ఉంది. అంగడి వీధి చివర ఉంది. గడియారంలో ఆరూ యాభై రెండు. ఏడింటికి ఫైవ్ లైట్స్ దగ్గర కోలారు బస్సు వస్తుంది. టీచర్లు అందులో ఎక్కేస్తే ఇక తిరిగి ఈ బండి ఎక్కరు.

"ముందు గేటు కానీ" అని రామాంజినప్ప సంచి విప్పాడు. తాను అమ్మిన తాళాన్ని తానే చువ్వలతో తెరవడం వ్యాపారానికి మంచిది కాదు. ఒకటిన్నర నిమిషం పట్టింది. డెన్నిస్ గట్టుమీద నుంచి లేచి చూస్తున్నాడు. ఇరవై తొమ్మిదేళ్ళవాడు, ఎండకు నల్లబడి, గడ్డంతో. ప్యాంటు జేబులోంచి కీ తీసి అక్క వైపు చాపాడు.

"ఇది తీసుకో అక్కా. సీజను అయిపోయింది. నా నంబరు కొట్టేయించినావని మండీలో లారీవాళ్ళు చెప్పినారు. అందురూ నవ్వినారు. సచ్చిన కీ పెట్టుకోని నేనేం చెయ్యాల? ఇచ్చేసి పోదామని వచ్చినాను."

సెలీనా ఆ కీ వైపు చూసింది. తర్వాత గొలుసు పక్కకు లాగుతున్న రామాంజినప్ప వైపు చూసింది.

"ఇటియ్యి" అంది.

"సచ్చిపోయిందే, అది..."

"ఇటియ్యరా!"

తీసుకుని బండెక్కింది. రామాంజినప్ప గేటు రెక్క పట్టుకుని ఆగిపోయాడు. కీ తిరిగింది. ఎర్ర దీపం టపటప కొట్టుకుంది. ఆరింది. ఇంజను ఆడింది.

 డెన్నిస్ నోరు తెరిచి మూశాడు. రామాంజినప్ప నేల చూస్తూ, "అమ్మా, ఆ పొద్దు నేను..." అన్నాడు.

"తెలుసన్నా. నీ మిషను చివర్లో కీస్, త్రీ అన్నది. నేను పదేళ్ళు వన్, టు, త్రీ చెప్పినదాన్ని. చూడకుండా ఉంటానా?"

"మరి అడగలేదు?"

"అడిగితే నువ్వు కొట్టేస్తావేమోనని." గేరు వేసింది. "అందుకే గొలుసు కొనుక్కున్నాను. డెన్నీ, పక్కకి జరుగు. ఆ పెట్టె లోపల పెట్టి నీళ్ళు కాగబెట్టుకోని పోసుకో, మామిడికాయ వాసన కొడతాండావు."

బండి సందు మలుపు తిరిగింది. ఆరూ యాభై ఏడు. ఆ రోజు టీచర్లలో ఒకరు, బండి ఇంత ఆలస్యమని తెలిసి ఉంటే ఇంట్లో కాఫీ తీరిగ్గా తాగి వచ్చేదాన్నని అన్నారట. బస్సు బండి వెనకే వచ్చి, బండి వెనకే పోయింది.

అయితే దానితో అంతా సర్దుకుందని ఎవరూ అనుకోవద్దు. సాయంత్రం సెలీనా డెన్నిస్ కీ తెచ్చి రామాంజినప్ప బల్లమీద పెట్టింది. డెన్నిస్ వెనకాల నిలబడ్డాడు.

"ఇది వాని దగ్గర ఉంటే నాకు నిద్ర రాదు. కొట్టేస్తే నీకు నిద్ర రాదు. ఏం చేద్దామో నువ్వే చెప్పన్నా."

రామాంజినప్పకు ఆలోచన అవసరం లేకపోయింది. ఇరవై రెండేళ్ళు ఒకే పని చేసిన మనిషికి ప్రపంచంలో ప్రతి చిక్కుకూ ఒకటే మందు. గోడకున్న ఇత్తడి బిళ్ళను తీశాడు. దుమ్ము తుడిచాడు. ఆ మేకుకు డెన్నిస్ కీ తగిలించాడు.

"కీ ఈడ ఉంటాది. బిళ్ళ నీ దగ్గర ఉంటాది. ఆదివారం చర్చిలో పూజ అయినాక బండి కావాలంటే రా. బిళ్ళ ఈ మేకుకు తగిలించు, కీ తీసుకో. ఆరు లోపల కీ తగిలించి నీ బిళ్ళ నువ్వు తీసుకోని పో. బిళ్ళ మేకుకు ఉండాదంటే నువ్వు ఇంగా బయట ఉండావని. అంతే రూలు."

"ఇదేం అంకుల్, స్కూలు పిల్లోని మాదిరి?" అన్నాడు డెన్నిస్.

"మీ నాయన ఇట్లనే ముప్పై ఏండ్లు దిగినాడు. ఆయప్ప నంబరు తొమ్మిది వందల నాలుగు. కుడిచేతికి నాలుగే వేళ్ళు."

డెన్నిస్ చెయ్యి చాపాడు. రామాంజినప్ప బిళ్ళ ఇవ్వబోయి ఆగాడు. టీ అంగడి వైపు తిరిగాడు.

"సొన్నప్పా. నీదిది. ఇచ్చేదా?"

సొన్నప్ప చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. ఇరవై ఐదేళ్ళలో మొదటిసారి ఆ బిళ్ళను చేతిలోకి తీసుకున్నాడు. వెనకా ముందూ తిప్పి చూశాడు. గోటితో మూడును గీకాడు.

"నాదెట్లయితాది? మూడు నూర్ల పదిహేడోడు సచ్చి సానా కాలమాయె. ఆయప్ప దినానికి నేనే పోయి తిని వచ్చినాను." డెన్నిస్ చేతిలో పెట్టాడు. "పెట్టుకోరా. పదహారేండ్ల సర్వీసుతో పాటు ఇస్తాండాను. చెడగొట్టొద్దు."

మొదటి ఆదివారం పదకొండింటికి డెన్నిస్ ఇస్త్రీ చొక్కాలో వచ్చి బిళ్ళ తగిలించి కీ తీసుకుపోయాడు. శ్రీనివాసపురంలో ఒక చేదోడు పనికి, సాయంత్రానికి వస్తానన్నాడు. రామాంజినప్ప ఆదివారం అంగడి తెరవడు. ఆ రోజు తెరిచాడు. ఎందుకని అడిగితే, ఇంట్లో పెళ్ళాం మారమ్మ దుమ్ము దులుపుతోందన్నాడు.

ఐదున్నరకు సెలీనా వచ్చి బల్లమీద కూర్చుంది. ఆరైంది. ఆరూ పది. బిళ్ళ మేకుకు వేలాడుతోంది. బెంగళూరు రైలు దిగిన జనం సంచులతో రోడ్డు మీద పోతున్నారు. గోడ వైపు చూడనట్టు ముగ్గురూ నటించారు, అంతసేపూ గోడనే చూశారు.

"ఆరూ పదైదు" అన్నాడు సొన్నప్ప. లోపలికి పోయి, సామాన్లు రాసుకునే ఎర్రపెన్ను తెచ్చి రామాంజినప్ప ముందు పెట్టాడు. "ఏమప్పా, కొట్టేసేదా? ష్యూరా?"

రామాంజినప్ప పెన్ను మూత తీశాడు. తన అరచేతి మీద గీసి చూశాడు. ఎర్రగా, చక్కగా రాసింది.

"రాయలేదప్పా ఇది" అన్నాడు.

సెలీనా ఆ అరచేతిని చూసింది. మూడు టీలు చెప్పింది. సొన్నప్ప స్టవు దగ్గరికి పోయి, కాసేపు నిలబడి, నాలుగు గ్లాసులు పెట్టాడు.